మనం తాగేది కాదుగా

గురువారం సాయంత్రం పొలానికి పురుగుమందు కొట్టారు. శనివారం పొద్దున మంచు ఆరీ ఆరకముందే కోతకు దిగమన్నారు. మందు కొట్టాక పదిహేను రోజులు పొలంలో చెయ్యి పెట్టకూడదని డబ్బా మీద అచ్చేసి ఉంటుంది. చదువు రానివాళ్ల కోసం పుర్రె బొమ్మ కూడా వేసి ఉంటుంది. అయినా మేస్త్రీ మువవ్వద్ గట్టు మీద నిలబడి, మంగళవారం లారీ వస్తుందనీ, ఈలోపు పువ్వంతా రాలిపోతే మీ అబ్బ వచ్చి ఏరిపెడతాడా అనీ అరిచాడు. ఆడవాళ్లు తలగుడ్డల కొసలు ముక్కుల మీదికి లాక్కుని సీమ చామంతి సాళ్లలోకి దిగారు.

అందరికంటే ముందు దిగింది తఫీదా. ముప్పై ఏళ్లుగా ఆవిడే ముందు దిగుతోంది. కుడిచేతి వేళ్లు ఎడం చేసి మొక్క నడుములోంచి పైకి దువ్వినట్టు లాగుతుంది. కాడలు జారిపోయి తలలు మాత్రం వేళ్ల సందుల్లో నిలుస్తాయి. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే పిడికెడు పువ్వులు నడుముకు కట్టిన ఒడిలో పడతాయి. కొత్తవాళ్లు కోస్తే పువ్వుతో పాటు జానెడు కాడ వస్తుంది, దాన్ని ఏరడానికి కళ్ళంలో ఇంకో మనిషి కూర్చోవాలి. తఫీదా ఒడిలో ఏరడానికి ఏమీ ఉండదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా ఆవిడకే తెలుసు.

పక్క సాలులో నబవియ్య కోస్తోంది. పోయినేడే పనిలో చేరిన చిన్న వయసు పిల్లతల్లి, ఇంకా చేతులు గట్టిపడలేదు. కళ్లు మండుతున్నాయని ఒకసారి, గొంతు గీరుకుంటోందని ఒకసారి గొణిగింది. ఆకుల అడుగున చచ్చిన పేనుబంక నల్లగా అంటుకుని ఉంది, దాన్ని చూసి మొహం అటు తిప్పుకుంది.

"ఇంత మందు తాగిన పువ్వు ఎవరు తాగుతారు ఖాలా?"

"నీకెందుకే ఆ గొడవ? మనం తాగేది కాదుగా," అంది తఫీదా చెయ్యి ఆపకుండా.

ఆ మాట ఆ పొలాల్లో ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ అందరి నోళ్లలోనూ ఉంటుంది. మందు పంపు వీపుకు తగిలించుకున్నవాడు అంటాడు, బస్తాలు ఎత్తేవాడు అంటాడు, తడి పువ్వుల మీద కాళ్లతో నడిచేవాళ్లూ అంటారు. ఈ పువ్వులు సముద్రం దాటి పోతాయి. ఎక్కడో చలిదేశంలో ఎవరో ఒక దొరసాని నిద్రపట్టక ఇవి వేడినీళ్లలో వేసుకుని తాగుతుంది. ఆ దొరసానికి చెడు జరగాలని ఇక్కడ ఎవరూ కోరుకోలేదు. ఆవిడకూ ఒక కడుపుంటుందని తట్టలేదు, అంతే.

మధ్యాహ్నం కళ్ళంలో పోయినవారం పువ్వు ఎండింది ఎండినట్టు బస్తాలకెత్తారు. మూతులు కుట్టే పని తఫీదాది. దబ్బనం తీసుకుని ఒక నిలువు కుట్టు, దాని మీద రెండు అడ్డకుట్లు వేసి, ముడి లోపలికి మడిచి బిగిస్తుంది. ఆ కుట్టు ఇంకెవరికీ రాదు, విప్పడం కూడా రాదు, కొయ్యాల్సిందే. మువవ్వద్ తెల్లదారం ఉండ ఆవిడ ఒళ్లోకి విసిరి, ఈసారి దారం సరిపడా తెచ్చానని, పోయినేడులాగా చచ్చిపోయిన మొగుడి చేపలవల విప్పుకుని తేనక్కర్లేదని వేళాకోళమాడాడు. పోయిన వసంతంలో సగం పనిలో దారం అయిపోతే, లారీ గుమ్మంలో నిలబడి ఉంటే, తఫీదాయే ఇంటికి పరుగెత్తి వల అల్లే నీలం దారం తెచ్చి నలభై బస్తాలు కుట్టింది. ఆ రోజు హాజీ ఖురనీ స్వయంగా వచ్చి మెచ్చుకున్నాడు. పొలమూ, కళ్ళమూ, గోడౌనూ అన్నీ ఆయనవే. ఆయన నోటి నుంచి మెప్పు రావడం మాటలు కాదు.

పొద్దువాలాక ఇల్లు చేరింది. ఇంటి వెనక కాలవ పక్కన మంచమంత జాగా ఉంది. అందులో సీమ చామంతి, మరువం, పుదీనా, రుద్రజడ, సోయికూర, కొత్తిమీర, గోడవారన ఒక జామచెట్టు. అక్కడికి మందు చుక్క రానివ్వదు. పేనుబంక పడితే బూడిద జల్లుతుంది, వెల్లుల్లి నానేసిన నీళ్లు చిలకరిస్తుంది. ఊళ్లో ఎవరి పిల్లకి దగ్గొచ్చినా జామాకుల కషాయం ఇక్కడి నుంచే పోవాలి, ఎవరికి నెలనొప్పులొచ్చినా మరువం ఇక్కడి నుంచే పోవాలి. చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్ది కడుక్కుంది. నడుముకున్న ఒడి విప్పకుండానే చామంతి మడి ముందు చతికిలబడి, ఈ ఏటి తొలి పువ్వు కోసింది. పొలంలో మాదిరి దువ్వి లాగలేదు. ఒక్కొక్క పువ్వునీ గోటితో తుంచి ఒడిలో వేసుకుంది.

ఆదివారం పదిగంటలకు కూతురు రావియా పట్నం నుంచి దిగింది. చంకలో రెండు నెలల జియాద్ ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పిల్లికూనలా పీలగా వస్తోంది. మూడు రోజులుగా పచ్చగా నీళ్ల విరేచనాలు, తాగిన పాలు తాగినట్టే కక్కుతున్నాడు. మాడు మీద మెత్తటి చోటు లోపలికి పోయింది. తఫీదా అక్కడ వేలు ఆనించి చూసి, చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మకు చూపించే వచ్చిందట. తల్లిపాలు తప్ప నాలుక మీద ఇంకేమీ వెయ్యొద్దని, మంగళవారానికి నెమ్మదించకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని ఆవిడ గట్టిగా చెప్పిందట. అంతవరకూ చెప్పి రావియా కళ్లు తుడుచుకుంది.

"నేనేం పెట్టానమ్మా వీడికి? నువ్వు చెప్పిందే పెట్టాను. కడుపునొప్పికి చామంతి నీళ్లు, రోజుకు నాలుగుసార్లు."

"ఎక్కడి చామంతి?"

"కొట్టుది. నీ డబ్బా ఖాళీ అన్నావుగా."

డబ్బా ఖాళీయే. చలికాలంలో, కడుపుతో ఉన్న హాజీ కోడలికి గుండెల్లో మంటని, నీ ఇంటి వెనక చామంతి తప్ప ఇంకోటి దానికి పడడం లేదని, హాజీ భార్య దౌలత్ కబురు పెట్టింది. అడిగింది హాజీ ఇల్లు. తఫీదా డబ్బా అడుగు దాకా ఊడ్చి పంపింది. సొంత కూతురికి నెలలు నిండుతున్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చినా పంపే ఉండేది, అదే ఇప్పుడు ఆవిడకు ఒళ్లు మండిస్తున్న సంగతి.

రావియా సంచిలోంచి కాగితం పొట్లం తీసి ముందు పెట్టింది. తఫీదా పళ్లెంలో పోసి చూసింది. తల మాత్రమే ఉంది, కాడ లేదు, రేకలు చెదరలేదు. చూడగానే ఆవిడకు ముచ్చటేసింది. ఎవరో పనిమంతురాలే కోసిందమ్మాయ్ అని పైకే అంది. అంటూ వేళ్లతో కలియబెడితే, పువ్వుల మధ్య గోరంత పొడుగు దారం ముక్క తగిలింది. నీలం దారం. వల అల్లే నైలాను దారం.

దాన్ని చూపుడువేలి మీద పెట్టి వెలుగుకు పట్టి చూసింది. తర్వాత పిడికెడు పువ్వులు రెండు అరచేతుల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు చామంతికుండే ఆపిల్ వాసన తీయగా వచ్చింది. దాని అడుగున ఇంకోటుంది. మూడు ఉతుకులు ఉతికినా తలగుడ్డను వదలని వాసన అది. తఫీదా లేచి పెరట్లోకి వెళ్లి కాలవ గట్టున ఉమ్మింది, మళ్లీ ఉమ్మింది. నోట్లో ఏమీ లేదు, అయినా ఉమ్మింది.

మధ్యాహ్నానికి బిసారా వండింది. పప్పులా ఉడికిన ఎండు చిక్కుడుగింజల్లో కొత్తిమీర, సోయికూర, పుదీనా వేసి మెదిపి, పైన వెల్లుల్లి తాలింపు పెట్టింది. రావియాకి చిన్నప్పటి నుంచీ ప్రాణం అది.  కూతురు తిని పిల్లాడి పక్కన నడుం వాల్చాక, నిన్న సాయంత్రం కోసిన చామంతి చిటికెడు వేడినీళ్లలో వేసి చల్లార్చింది. డాక్టరమ్మకేం తెలుసు, పాడు సరుకు పడక బిడ్డ ఇలా అయ్యాడు గానీ మంచి చామంతి ఎవరికైనా చెడు చేస్తుందా అనుకుంది. వాడి పెదాల మధ్య మూడు చెంచాలు పోసింది. సాయంత్రం జియాద్ మళ్లీ కక్కాడు. పాత విషం బయటికి పోతోందని తఫీదా తనకు తాను చెప్పుకుంది.

సోమవారం పనికి పోకుండా పట్నం బస్సెక్కింది. రావియా చెప్పిన సందులో అన్నీ మూలికల కొట్లే. మూతులు చుట్టి తెరిచిపెట్టిన బస్తాలు వీధిలోకి వచ్చి ఉన్నాయి. మందారం, సోపు, మెంతులు, షాజీరా. షహాత అనే ఆయన కొట్టు ముందు చామంతి బస్తా దగ్గర తఫీదా ఆగింది. సగం కోసిన కుట్టు బస్తా అంచుకు ఇంకా వేలాడుతోంది. ఒక నిలువు, రెండు అడ్డం, నీలం దారం. ఆవిడ దాన్ని వేళ్లతో తడిమింది. తన కుట్టు తన చేతికి తెలియకుండా ఉంటుందా?

"విదేశానికి కట్టిన సరుకు ఖాలా, ఇలాంటిది దొరకదు," అన్నాడు షహాత తరాజు తుడుస్తూ.

"విదేశానికి కట్టింది ఇక్కడెందుకుంది?"

"వాళ్లకు నచ్చలేదులే. ఏవో పరీక్షలు, ఏవో కాగితాలు. ఓడలో వెళ్లింది, ఓడలో వచ్చింది. హాజీ ఖురనీ ఈ సందులో అందరికీ తలా కొంత పంచాడు. వాళ్ల కడుపులు నాజూకువి, మనవాళ్లకు రాళ్లు పెట్టినా అరుగుతాయి."

అని నవ్వాడు. కొట్టువాడు చెడ్డవాడేం కాదు. పొద్దున లేచి దుకాణం కడుక్కుని, అగరబత్తి వెలిగించి కూర్చునేవాడే. అందుకే ఆ నవ్వు చూస్తే తఫీదాకు ఇంకా రోతగా అనిపించింది. ఇదంతా ఎవరో దొంగతనంగా, భయపడుతూ చేసే పని కాదు. పట్టపగలు, నలుగురి మధ్య, నవ్వుతూ చేసే పని.

అంతలో ఒక పడుచుపిల్ల వచ్చింది. చేతిలో పొత్తిళ్ల బిడ్డ. పిల్లాడికి రాత్రంతా కడుపునొప్పని, చామంతి కావాలని అడిగింది. షహాత కుట్టు వేలాడుతున్న బస్తాలోంచే దోసెడు తీసి పొట్లం కట్టాడు. వద్దమ్మా అనాలని తఫీదాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు వద్దు అని ఆ పిల్ల అడుగుతుంది. నీకెలా తెలుసు అని అడుగుతుంది. నేనే కోశాను గనక, పోయినేడు మందు కొట్టిన రెండోనాడు నేనే ముందు దిగి కోశాను గనక, అని చెప్పాలి.  ఆ పిల్ల పొట్లం రొమ్ములో దోపుకుని, బిడ్డ మొహం మీద ఎండ పడకుండా కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. సందు మలుపు తిరిగేదాకా తఫీదా చూస్తూ నిలబడింది. తర్వాత తనూ ఒక పొట్లం కట్టించుకుంది. ఆ వేలాడుతున్న కుట్టు ముక్కను కూడా తెంపి ఇమ్మంది. షహాత వింతగా చూశాడు గానీ తెంపి ఇచ్చాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాజీ ఖురనీని తిట్టుకుంటూ వచ్చింది. ఆ జపమాల, ఆ ఇస్త్రీ గలాబియా అంగీ, పనివాళ్లను పేరుపేరునా పలకరించే ఆ తీయని గొంతు, అన్నిటినీ తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా ఆ పడుచుపిల్ల వీపు కళ్ల ముందు నుంచి పోలేదు. అప్పుడు ఎదురుగా ఉన్నది హాజీ కాదు మరి, తనే.

మంగళవారం పొద్దున కళ్ళంలో మువవ్వద్‌ను పక్కకు పిలిచి, ఓడలో తిరిగొచ్చిన సరుకు సంగతి అడిగింది. వాడు దాచలేదు, దాచాలని కూడా అనుకోలేదు.

"సముద్రం దాటి వెళ్లొచ్చింది ఉమ్ రావియా, ఇంక దాన్ని కూడా హాజీ అనాలి," అన్నాడు, ఊరంతా పిలిచినట్టే ఆవిడను రావియా తల్లి అని పిలుస్తూ. తన జోకుకు తనే పొట్ట పట్టుకున్నాడు. నవ్వయ్యాక అసలు కబురు చెప్పాడు. హాజీ మనవడికి రేపు పురుటి ఏడోరోజు పండగ. చంటివాడి చెవులు అదిరేలా ఇత్తడి రోలు మోగించేది ఎప్పటిలాగే తఫీదాయే. బాలింత పానీయానికీ, చంటివాడికి పట్టడానికీ చామంతి కూడా తీసుకురావాలి. "నీ ఇంటి వెనకదే తెమ్మన్నారు. కళ్ళంలోది మాత్రం వద్దని హాజీ నాకు రెండుసార్లు చెప్పాడు."

"రెండుసార్లు చెప్పాడా?"

"రెండుసార్లు. చంటిపిల్లాడు కదా మరి."

 తఫీదా సాయంత్రం దాకా బస్తాలు కుట్టింది. తెల్లదారం, ఒక నిలువు, రెండు అడ్డం. కుట్టిన ప్రతి బస్తా మీదా ఏదో పట్నం, ఏదో సందు, ఏదో పొత్తిళ్ల బిడ్డ కనిపిస్తుంటే ఎన్నోసార్లు దబ్బనం వేలికి గుచ్చుకుంది. ఇంటికొచ్చేసరికి జియాద్ రెండు రొమ్ముల పాలూ తాగి ఒక పక్కకు తిరిగి నిద్రపోతున్నాడు. రావియా మొహం తేటగా ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు పాలు తప్ప ఏమీ పెట్టలేదని, అదే పనిచేసిందని సంబరంగా చెప్పింది. ఆ మూడు చెంచాల వల్లే నెమ్మదించిందని తఫీదా లోలోపల అనుకుంది. ఆ మాట కూతురితో అనలేదు, రేపు చెప్పి గొప్పలు పోదామని దాచుకుంది.

బుధవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక హాజీ ఇంటికి వెళ్లింది. చేతిసంచిలో రెండు పొట్లాలున్నాయి. ఒకటి షహాత కొట్టుది, ఒకటి ఇంటి వెనకది. మగవాళ్లు వాకిట్లో షామియానా కింద, ఆడవాళ్లు లోపలి హాల్లో. నలభైమందికి తక్కువ ఉండరు. మధ్యలో పెద్ద జల్లెడలో తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద ఎర్రగా నిద్రపోతున్న చంటివాడు. చుట్టూ ఏడురకాల గింజలు, ఉప్పు గిన్నె, కొవ్వొత్తులు, తళతళలాడే ఇత్తడి రోలు. పక్క గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్లు సలసలా కాగుతున్నాయి. బాలింతకు పట్టే ముగాత్ పానీయంలో వేసిన నెయ్యి వాసన హాలంతా నిండింది.

హాజ్జా దౌలత్ లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులతో దివాను మీంచి లేవదు. అయినా ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుము దగ్గరే ఉంటాయి. తఫీదాను చూడగానే చెయ్యి చాచింది.

"రా ఉమ్ రావియా. తెచ్చావా? నీ ఇంటి వెనకదేగా?"

తఫీదా కొట్టు పొట్లం తీసి ఆవిడ ముందున్న పళ్లెంలో విప్పింది. దాని మీద నీలం కుట్టు ముక్క పెట్టింది.

"ఇంటి వెనకది కాదు హాజ్జా. హాజీగారి గోడౌనుది. పరాయిదేశం వాళ్లు తాగం అని తిరగ్గొట్టింది. పట్నంలో చంటిపిల్లలంతా ఇదే తాగుతున్నారు, నా మనవడు కూడా తాగాడు."

మాటలు ఒక్కసారిగా ఆగలేదు. దగ్గరున్నవాళ్లు ముందు ఆపారు, దూరంగా ఉన్నవాళ్లు ఏమైందని అడిగి ఆపారు. గోడవారన కూర్చున్న నబవియ్య తన ఒళ్లో పిల్లను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"ఎవరు కోశారో, ఎప్పుడు కోశారో నీకెలా తెలుసు?" అంది దౌలత్.

"నేనే కోశాను. పోయినేడు మందు కొట్టిన రెండోనాడు కోశాను. మూతి కుట్టింది కూడా నేనే. ఆ కుట్టు చూడు."

దౌలత్ కుట్టును చూడలేదు, తఫీదానే చూసింది. తర్వాత కోడలి చెల్లెల్ని పంపి హాజీని పిలిపించింది. హాజీ ఖురనీ నవ్వుతూ గడప దాకా వచ్చాడు, ఆడవాళ్లున్నారని చూపు నేలకు వాల్చి గడప అవతలే నిలబడ్డాడు. జపమాల వేళ్ల మధ్య తిరుగుతోంది. నేలకు వాల్చిన చూపుకు ముందు పళ్లెమే కనిపించింది. అందులో నీలం దారం.

"ఇది మన గోడౌనుదేనట," అంది దౌలత్. గొంతు పెంచలేదు. "నీళ్లు కాగుతున్నాయి. వేస్తాను, నీ మనవడికి నాలుగు చెంచాలు పడతాను. నువ్వు ఊఁ అను చాలు."

"ఇప్పుడెందుకివన్నీ? పండగ పూట..."

"ఊఁ అను."

హాజీ వేళ్ల మధ్య పూస ఆగిపోయింది. ఆయన జల్లెడలో ఉన్న పిల్లాడి వైపు చూశాడు, భార్య వైపు చూడలేదు. నలభైమంది ఆడవాళ్లు ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"వద్దు," అన్నాడు.

అని వాకిట్లోకి వెళ్లిపోయాడు. షామియానా కింద ఎవరో ఆయన్ను పలకరించారు, ఆయన తీయగానే జవాబు చెప్పాడు. ఆ గొంతు లోపలున్న తఫీదాకు వినిపించింది. ఈ ఒక్క మాట ఆయన నోట వినాలనే ఆవిడ సోమవారం నుంచీ నిద్రలేకుండా ఉంది. విన్నాక కడుపులో చల్లబడుతుందనుకుంది, చల్లబడలేదు. కానీ చంటివాడు ఏం పాపం చేశాడు? సంచిలోంచి రెండో పొట్లం తీసి దౌలత్ చేతికివ్వబోయింది.

"ఇది నా మడిలోది హాజ్జా. దీనికి మందు చుక్క తగల్లేదు."

దౌలత్ చెయ్యి చాచలేదు. పెళ్లికి ముందు ఆవిడా ఈ సాళ్లలోనే కోతకు దిగిన మనిషి. ఆ సంగతి ఊళ్లో చాలామంది మర్చిపోయారు గానీ ఆవిడ మర్చిపోలేదు.

"ఎప్పుడు కోశావు ఇది?"

"శనివారం సాయంత్రం."

"పొలంలోంచి వచ్చాకేగా?"

"చేతులు కడుక్కున్నాను హాజ్జా. సబ్బుతో రెండుసార్లు."

"చేతులు సరే. దేంట్లో కోశావు?"

తఫీదా నోరు తెరిచింది. శనివారం సాయంత్రం మడి ముందు చతికిలబడిన తను, నడుముకున్న ఒడి, పొద్దుటి నుంచీ పొలం పువ్వుల రసం పీల్చి పచ్చగా బిగుసుకుపోయిన ఆ గుడ్డ, అందులోకి ఒక్కొక్కటిగా గోటితో తుంచి వేసిన పువ్వులు, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ముప్పై ఏళ్లుగా అదే ఒడి. చిరిగితే ఇంకోటి, కానీ పొలానికీ మడికీ ఎప్పుడూ ఒకటే ఒడి. చేతులు కడుక్కోవాలని తెలిసింది, ఒడి విప్పాలని ఏనాడూ తట్టలేదు. ఊళ్లో దగ్గొచ్చిన పిల్లలందరికీ, నొప్పులొచ్చిన ఆడపిల్లలందరికీ ఆ ఒడిలోంచే పంపింది. మొన్న ఆదివారం మూడు చెంచాలు పోసిందీ అందులోంచే.

 దౌలత్ పొట్లాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"ఇది కూడా వద్దు ఉమ్ రావియా," అంది. గొంతులో కోపం లేదు. అదే తఫీదాకు ఎక్కువ తగిలింది.

రోలు కొట్టమని ఎవరూ అడగలేదు. ఆవిడ రెండు పొట్లాలూ సంచిలో వేసుకుని పెరటిదారిన బయటికొచ్చింది. కాలవగట్టు ఎక్కేసరికి వెనక రోలు మోగింది. ఎవరో చెయ్యి తిరగనివాళ్లు కొడుతున్నారు, దెబ్బ తప్పుతోంది. అమ్మ మాట విను, నాన్న మాట వినకు అని చంటివాడి చెవిలో పాడే వేళాకోళం వినిపించింది. ఆ తర్వాత రావాల్సిన నవ్వులు మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి రావియాకు అంతా చెప్పింది. చివరికి మూడు చెంచాల సంగతి కూడా చెప్పింది. దాచుకుని గొప్పలు పోదామనుకున్న మాట ఈ విధంగా బయటికి రావాల్సి వచ్చింది.  రావియా తల్లికి దగ్గరగా ఉన్న భుజం మీంచి జియాద్‌ను తీసి రెండో భుజం మీద వేసుకుంది. అంతే చేసింది. తిట్టి ఉంటే బాగుండేదని తఫీదాకు అనిపించింది.

చీకటి పడకముందే రొట్టెల పొయ్యి రాజేసి ఒడి అందులో పడేసింది. గుడ్డ వెంటనే అంటుకోలేదు, ముందు పొగలు కక్కింది. ఆ పొగలో ఆపిల్ వాసన వచ్చింది, దాని అడుగున రెండోదీ వచ్చింది. పొట్లాలు రెండూ వెనకాలే వేసింది. మడిలో కోసిన పువ్వు తట్టలో ఇంకా ఆరుతోంది, అదీ వేసింది. ఆ పొయ్యిలో మళ్లీ రొట్టె కాల్చడానికి ఎన్నాళ్లు పడుతుందోనని ఆలోచిస్తూ కూర్చుంది.

తెల్లారేసరికి మాట కాలవ దాటి పట్నం చేరిపోయింది. హాజీ ఇంటికొచ్చిన నలభైమందికీ అక్కచెల్లెళ్లున్నారు, వదినా మరదళ్లున్నారు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. పొద్దున్నే షహాత కొట్టు ముందు ఆడవాళ్లు పొట్లాలు గుమ్మరించి పోతున్నారని బస్సు దిగినవాళ్లు చెప్పారు. హాజీ లారీ ఆ సందులో ఏదో ఎత్తుకుపోవడానికి వచ్చిందని కూడా చెప్పారు. ఎక్కడికి ఎత్తుకుపోతుందో ఎవరూ చెప్పలేదు. ఇంకో పట్నానికైనా కావచ్చు. తఫీదాకు ఆ వార్త సంతోషం ఇవ్వలేదు.

శనివారం కోత తూర్పుమడిలో. అక్కడ గురువారం మందు కొట్టారు. మంచు ఇంకా ఆరలేదు, పొలం మీద ఆ వాసన నేలబారుగా నిలబడి ఉంది. ఆడవాళ్లు గట్టు మీద వరసగా నిలబడి ఒడులు కట్టుకుంటున్నారు.  తఫీదా కూడా వచ్చి వరసలో తన చోట, మొదట్లో నిలబడింది. మువవ్వద్ ఆవిడను చూసి, హాజీ ఇంటి సంగతి ఎత్తకుండా ఉంటేనే మేలన్నట్టు ఎటో చూస్తూ దగ్గరికొచ్చాడు. ఇంత పనిమంతురాలిని పొమ్మనడానికి వాడికి నోరు రాలేదు.

"ఒడేది ఉమ్ రావియా?"

"కాల్చేశాను."

"మరి దేంట్లో కోస్తావు? ఇదిగో, ఆ సంచి కట్టుకో. ఎండెక్కుతోంది, దిగండి దిగండి." గట్టు మీద కదలిక లేకపోయేసరికి వాడు గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. "ఇంతకుముందు ఎప్పుడూ దిగనట్టు చేస్తారేం? మనం తాగేది కాదుగా."

ఎప్పుడూ ఆ మాటకు ఎవరో ఒకరు ఊఁ కొట్టేవారు. ఈసారి ఎవరూ కొట్టలేదు. నబవియ్య ముడి సగంలో ఆపి తఫీదా మొహంలోకి చూసింది. తఫీదా వాడిచ్చిన సంచిని మడిచి గట్టు మీద పెట్టి, దాని పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ముప్పై ఏళ్లలో కోత వేళ ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"ఎవరు తాగుతారో చెప్పు మువవ్వద్," అంది. "చెప్పాక కోస్తాను."